పాత బంగళా మ్యూజియంకి పిల్లల్ని తీసుకెళ్తే ముందు ఆ ఇంటిని చూపించండి

మీరు అడిగింది ఇదీ: మధురవాడలో ఉంటారు. తొమ్మిదేళ్ల పాప, ఐదేళ్ల బాబు. ఈ ఆదివారం బీచ్ రోడ్డులో డచ్ బంగళాలో ఉన్న విశాఖ మ్యూజియంకి వాళ్లని తీసుకెళ్దామని ఉంది. మోకాళ్ల నొప్పులున్న మీ అత్తగారు కూడా వస్తానంటున్నారు. ఇంతకుముందు వేరే ఊళ్లో ఒక పెద్ద మ్యూజియంకి వెళ్తే పావుగంటకే బాబు ఏడుపు, పాప "ఇంకెంతసేపు" అని గొడవ. మళ్లీ అలాగే అవుతుందేమోనని టెన్షన్. ఐదేళ్ల పిల్లాడికి ఇవన్నీ ఎక్కుతాయా, దీని బదులు విజయనగరంలో గురజాడ వారి ఇల్లు చూపిస్తే మేలా అని కూడా అడిగారు.

నేను సోషల్ టీచర్‌గా పనిచేసి రిటైరయ్యాను. బడిపిల్లల్ని, తర్వాత మా మనవల్ని, వాళ్ల స్నేహితుల్ని ఇలాంటి చోట్లకి తిప్పుతూనే ఉన్నాను. తప్పకుండా తీసుకెళ్లండి. ఐదేళ్లవాడికీ ఎక్కుతుంది. కాకపోతే వాడికి ముందు ఎక్కేది అద్దాల బీరువాల్లో ఉన్న వస్తువులు కాదు, అవి ఉన్న ఇల్లు. మనం చాలామందిమి లోపలికి వెళ్లగానే మొదటి బీరువా దగ్గర ఆగి లేబుళ్లు చదవడం మొదలుపెడతాం. పిల్లలకి అక్కడే ఓపిక పోతుంది. అదే ఇల్లయితే వాళ్లకి పూర్తిగా తెలిసిన విషయం. ఎక్కడ పడుకుంటారు, ఎక్కడ తింటారు, స్నానం ఎక్కడ, వానొస్తే బట్టలు ఎక్కడ ఆరేస్తారు. ఏ వయసు పిల్లలైనా ఈ ప్రశ్నలు అడగగలరు, జవాబులు ఊహించగలరు కూడా. కత్తులు, నాణేలు, పట్టుబట్టలు, పింగాణీ పాత్రలు ఆ తర్వాత వాటంతటవే అర్థమవుతాయి. ఎందుకంటే అప్పటికి వాటిని వాడిన మనుషులు పిల్లల మనసులో తిరుగుతూ ఉంటారు.

అందుకని టికెట్ తీసుకున్న వెంటనే లోపలికి పరుగెత్తకండి. బయటే ఒక ఐదు నిమిషాలు నిలబడండి. సముద్రం ఎటు ఉందో బాబుని చూపించమనండి. గాలి ఎటునుంచి వస్తోందో పాపని చెప్పమనండి. తర్వాత "కరెంటు లేదు, ఫ్యాన్ లేదు, మే నెల. ఈ ఇంట్లో ఎక్కడ పడుకుంటే హాయిగా ఉంటుంది?" అని అడగండి. ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని ఇల్లంతా తిరగొచ్చు. వైజాగ్ పిల్లలకి ఉక్కపోత అంటే ఏంటో ఎవరూ చెప్పక్కర్లేదు. ఎత్తైన పైకప్పు ఎందుకు కట్టారో అప్పుడు వాళ్లే కనిపెడతారు. వేడిగాలి పైకి పోతుంది, మనుషులుండే చోట కాస్త చల్లగా ఉంటుంది.

లోపలికి అడుగుపెట్టేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి గోడ ఎంత మందమో చూపించండి. మీ అపార్ట్‌మెంట్ గోడ బాబు జానకి ఎంత వస్తుందో బయల్దేరేముందు ఇంట్లోనే కొలిపించి ఉంచితే, ఇక్కడ గోడని తాకకుండానే గాల్లో జానలు వేసి లెక్కపెడతాడు. అప్పట్లో సిమెంటు లేదు. రాయో ఇటుకో పేర్చి గానుగ సున్నంతో కట్టేవారు. సముద్రపు ఒడ్డున దొరికే గుల్లల్ని కాల్చి సున్నం చేసేవాళ్లు. దాన్ని ఇసుకతో కలిపి, ఎడ్లు తిప్పే గానుగలో మెత్తగా నూరేవాళ్లు. గట్టిపడడానికి బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు పోసేవాళ్లు. గోడలో బెల్లం ఉందంటే ఐదేళ్లవాడి మొహం చూడండి. మళ్లీ ఎక్కడ పాత గోడ కనపడినా ఆగి అడుగుతాడు, "ఇందులో కూడా బెల్లం ఉందా?" అని.

ఆ తర్వాత పైకప్పు వైపు చూపించి పంఖా గురించి చెప్పండి. ఆ కాలపు దొరల బంగళాల్లో పైకప్పు నుంచి పెద్ద గుడ్డ పంఖా వేలాడేది. దానికి కట్టిన తాడు గోడలోని కంతలోంచి వరండాలోకి వచ్చేది. అక్కడ ఒక మనిషి కూర్చుని గంటల తరబడి ఆ తాడు లాగుతూ ఉండేవాడు. లోపల దొర నిద్రపోతుంటే బయట ఆ మనిషి నిద్ర ఆపుకుంటూ లాగాలి. ఇది చెప్పినప్పుడు తొమ్మిదేళ్ల పిల్లలు దాదాపు ఎప్పుడూ అడిగే ప్రశ్న ఒకటుంది: "మరి అతనికి ఎవరు విసురుతారు?" అలా అడిగిందంటే మీరు వెళ్లిన పని అయిపోయినట్టే. ఆ రోజుకి ఇంకేమీ చూడకపోయినా పర్లేదు.

ఈ సంగతి నాకు చాలా ముఖ్యం కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. ఇలాంటి మ్యూజియంలలో గోడల మీద ఉండేవి జమీందారుల, పెద్దమనుషుల చిత్రపటాలు. కత్తులు వాళ్లవే, పట్టుబట్టలు వాళ్లవే. పిల్లలు అవి చూసి పాతకాలంలో అందరూ రాజుల్లాగే ఉండేవాళ్లనుకుంటారు. నీళ్లు మోసినవాళ్లు, వంట చేసినవాళ్లు, దీపాలు తుడిచి నూనె పోసినవాళ్లు, గుర్రాల్ని చూసుకున్నవాళ్లు ఏ పటంలోనూ ఉండరు. పొగ, నిప్పు భయం వల్ల ఆ బంగళాల్లో వంటశాల వెనక విడిగా ఉండేది. అక్కణ్నుంచి వంటకాలు చల్లారకుండా ఇంట్లోకి మోసుకురావాలి. ఒక పింగాణీ పళ్లెం చూపించి "దీన్ని ఎవరు కడిగి ఉంటారు?" అని అడగండి. వస్తువు కొన్నదెవరు, వాడిందెవరు, కడిగిందెవరు అని మూడు ప్రశ్నలుగా అడిగితే పాప ఒక బొమ్మో కథో తనే అల్లుకుంటుంది. పాఠ్యపుస్తకం ఈ పని చెయ్యలేదు, ఇల్లు చేస్తుంది.

ఇక మీ అత్తగారి సంగతి. ఆవిడ రావడం ఇబ్బంది అవుతుందేమోనని మీరు కాస్త మొహమాటంగా రాశారు. నన్నడిగితే ఈ ప్రయాణంలో అందరికంటే ఎక్కువ ఉపయోగపడే మనిషి ఆవిడే. లాంతరు వెలుగులో చదువుకోవడం, తిరగలి విసరడం, రోట్లో పచ్చడి నూరడం, ఇత్తడి బిందెతో నీళ్లు తేవడం, ఇవన్నీ ఆవిడ చేసి ఉంటారు, లేదా వాళ్లమ్మ చేస్తుంటే చూసి ఉంటారు. అద్దం వెనక ఉన్నదాని గురించి నానమ్మ "మా ఇంట్లోనూ ఇలాంటిదే ఉండేదిరా" అన్నదంటే పిల్లలకి ఆ వస్తువు ఒక్కసారిగా దగ్గరైపోతుంది. ఒక మడత స్టూల్ వెంట పెట్టుకోండి, లోపలికి తీసుకెళ్లొచ్చా అని గేటు దగ్గరే అడగండి. ఆవిడని మొత్తం తిప్పొద్దు. కూర్చోవడానికి వీలున్న ఒక గదిలో కూర్చోబెట్టి, పాపకి ఒక పని అప్పగించండి: ప్రతి గదిలో ఒక లేబుల్ చదివి, అది ఇంగ్లీషులో ఉంటే తెలుగులోకి మార్చి, వచ్చి నానమ్మకి చెప్పాలి. తొమ్మిదేళ్ల పిల్లకి ఇంతకంటే మంచి పని లేదు. తను చెప్పేది వినడానికి ఒక మనిషి ఎదురుచూస్తోందంటే లేబుల్ చదివే తీరే మారిపోతుంది.

ఐదేళ్లవాడి విషయంలో ఒక చిన్న సంగతి చాలామంది గమనించరు. వాడి పక్కన మోకాళ్ల మీద కూర్చుని వాడి ఎత్తు నుంచి బీరువా వైపు చూడండి. మనకి కత్తి పిడి కనపడుతుంటే వాడికి చెక్క అంచు, దాని మీద పడ్డ ట్యూబ్‌లైట్ మెరుపు కనపడతాయి. చాలాసార్లు వాడు విసిగిపోయేది వస్తువు నచ్చక కాదు, అది కనపడక. ఎత్తుకుని చూపించండి, లేదా తన ఎత్తులో ఉన్నవే చూడనివ్వండి. వాడికి వెతుకులాట ఇవ్వండి: సింహం బొమ్మ ఎక్కడుంది, కాళ్లున్న వస్తువులు ఎన్ని, మన ఇంట్లో కూడా ఉన్నది ఏది. లెక్క సరిగ్గా రాకపోయినా సరిచెయ్యకండి.

చంపి గడ్డి కూరిన జంతువులు కనపడితే చిన్నపిల్లలు భయపడొచ్చు, లేదా "ఇది చచ్చిపోయిందా?" అని అడగొచ్చు. అవునని చెప్పండి. పైన చర్మం నిజమైనదే, లోపల ఉన్నది గడ్డీ దూదీ అని చెప్తే చాలు. నిద్రపోతోందని అబద్ధం చెప్తే మాత్రం రాత్రి వాడికి నిద్ర పట్టదు.

ముట్టుకోవద్దు అని పదిసార్లు అరిచే కంటే ఎందుకు ముట్టుకోకూడదో ఒకసారి చెప్పడం మేలు. మన చేతి చెమటలో ఉప్పు ఉంటుంది. ఇనుముని అది తినేస్తుంది, గుడ్డకి మరక పడుతుంది. మన ఊరి పిల్లలకి ఇది చూపించడం తేలిక. బీచ్ దగ్గర ఉన్న ఏ ఇంటి కిటికీ గ్రిల్ చూసినా తుప్పు పెచ్చులుగా లేచి ఉంటుంది. గాలిలోని ఉప్పే అంత పని చేస్తే చేతులు ఏం చేస్తాయో వాళ్లకి అర్థమవుతుంది. ఫ్లాష్ సంగతీ అంతే, వెలుతురు ఎక్కువగా పడుతూ ఉంటే రంగులు వెలిసిపోతాయి.

మ్యూజియంలో ఒక వస్తువు దగ్గర మాత్రం ఎక్కువసేపు ఆగమంటాను. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన ఊరి మీద బాంబులు వేశాయి. వాటిలో పేలకుండా మిగిలిన బాంబు ఒకటి అక్కడ ఉంది. ఆ విమానాలు బంగాళాఖాతంలో తిరుగుతున్న యుద్ధనౌక నుంచి ఎగిరివచ్చినవి. అదే రోజు కాకినాడ మీద కూడా దాడి జరిగింది. విశాఖ మీదే ఎందుకంటే, 1933లో మన హార్బర్ తెరుచుకుంది, 1941లో షిప్‌యార్డ్‌కి శంకుస్థాపన జరిగింది. యుద్ధంలో ఓడలు ఆగే చోటు, ఓడలు కట్టే చోటు శత్రువు కళ్లలో పడతాయి. పాపకి మ్యాప్‌లో జపాన్ ఎక్కడుందో, మనం ఎక్కడున్నామో ముందు రోజు చూపించి ఉంచండి. అంత దూరం నుంచి ఎలా వచ్చారన్న ప్రశ్న తనే వేస్తుంది. విమానాల్ని మోసుకుతిరిగే ఓడ ఉంటుందని అప్పుడు చెప్పొచ్చు. ఆ రోజుల్లో జనం ఇళ్లకి తాళాలు వేసి లోపలి ఊళ్లకి తరలిపోయారు. ఆంధ్ర విశ్వవిద్యాలయాన్నే గుంటూరుకి మార్చారు. బాబుకి ఇదంతా అక్కర్లేదు. "ఇది పేలదు, లోపల మందు లేదు, బొమ్మలాగే" అని ముందే ధైర్యం చెప్పి, "ఇది పడినప్పుడు పిల్లలు ఎక్కడ దాక్కుని ఉంటారు?" అని అడిగితే చాలు. మీ అత్తగారి పుట్టింటివాళ్లో మీ మావగారి వైపువాళ్లో ఉత్తరాంధ్రవాళ్లయితే, ఆ రోజుల్లో ఊరు వదిలి వెళ్లిన కథ ఏదో ఒకటి ఇంట్లో ఉండే ఉంటుంది. ఆవిడని అడగండి, బాంబు పక్కనే నిలబడి అడగండి. ఇంటి కథకీ ఊరి కథకీ ముడి పడేది అక్కడే.

చిత్రపటాల గదిలో అన్నీ చూడక్కర్లేదు. ఇద్దర్నీ చెరొక మొహం ఎంచుకోమనండి, ఆ ఒక్కదాన్నే చూడండి. పాపకి చిన్న నోట్‌బుక్, పెన్సిల్ ఇవ్వండి. పెన్ను వద్దు, మరక పడితే పోదు.

మొత్తం మీద ఒక గంట. అంతకంటే వద్దు. ఇంకా చూడాలని ఉన్నప్పుడే బయటికి వచ్చేయండి. ఊళ్లోనే ఉన్నారు కదా, మిగిలింది మరో ఆదివారం చూడొచ్చు. మ్యూజియం 1991 నుంచి అక్కడే ఉంది, రేపూ ఉంటుంది. వేళలు, సెలవు రోజు ముందు రోజు ఫోన్ చేసి కనుక్కోండి. తలుపులు తెరిచే వేళకి వెళ్తే జనం తక్కువ ఉంటారు. పిల్లలకి తినిపించి, బాత్‌రూమ్‌కి తీసుకెళ్లి, అప్పుడు లోపలికి తీసుకెళ్లండి. ఆకలి మీద ఉన్న పిల్లాడికి ఏ చరిత్రా ఎక్కదు. బాబు మధ్యలో మొండికేస్తే బుజ్జగిస్తూ అందర్నీ అక్కడే నిలబెట్టకండి. మీరో మీ వారో వాణ్ని తీసుకుని బయటికి వచ్చి కూర్చోండి, పాప తన పని పూర్తిచేసుకుంటుంది. ఇద్దరు పెద్దలు వెళ్లాలని నేను చెప్పేది ఇందుకే.

చాలామంది ఒకే రోజు సబ్‌మెరైన్ మ్యూజియం, విమానం మ్యూజియం, ఈ మ్యూజియం మూడూ చుట్టేద్దామనుకుంటారు. అలా చెయ్యొద్దు. ఆర్కే బీచ్‌లో ఉన్న కురుసుర సబ్‌మెరైన్ పిల్లలకి అద్భుతంగా నచ్చుతుంది. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో రిటైరై, 2002లో మ్యూజియం అయింది. మనుషులు ఎలా బతికారో చూపించే చోటే అది కూడా. ఇరుకు మంచాలు, చిన్న వంటగది, సముద్రం అడుగున ఒక ఇల్లు అనుకోండి. కానీ లోపల ఒంగి దాటాల్సిన గుండ్రటి ద్వారాలున్నాయి, మెట్లు ఎక్కి దిగాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడకి కష్టం. దానికి వేరే రోజు పెట్టుకోండి. ఆ రోజు నానమ్మ ఇంటి దగ్గర ఉండి, వాళ్లు వచ్చాక చెప్పేది వింటారు.

మ్యూజియం అయ్యాక బీచ్‌కి వెళ్తారు, వెళ్లకపోతే పిల్లలు ఊరుకోరు. మురీ మిక్చర్ కొనిపెట్టండి, ఇసుకలో కూర్చోనివ్వండి. నీళ్లలోకి మాత్రం దిగనివ్వకండి. ఆర్కే బీచ్‌లో ఒడ్డు దగ్గరే లోతు వస్తుంది, అల వెనక్కి లాగే ఊపు చాలా ఎక్కువ. మోకాలి లోతు కదా అని నిలబడ్డ పెద్దవాళ్లే కొట్టుకుపోయిన ఊరు మనది. ఇసుకలో బంగళా కట్టమనండి. చూసొచ్చిన ఇంట్లో ఏమేం గుర్తున్నాయో మీకు అప్పుడు తెలుస్తుంది. "ఏం నేర్చుకున్నావు?" అని అడగొద్దు. పరీక్షలా అనిపిస్తే నోరు మూసుకుంటారు. వాళ్లు కట్టేటప్పుడు పక్కన కూర్చుంటే అవే మాటలు వస్తాయి.

గురజాడ వారి ఇంటి గురించి. అదీ తప్పక చూడాల్సిందే, కానీ దీనికి బదులుగా కాదు, దీని తర్వాత. విశాఖ మ్యూజియంలో వస్తువులు రకరకాల చోట్ల నుంచి వచ్చి చేరినవి. విజయనగరంలోది ఒక్క మనిషి ఇల్లు. అందులో ఉన్న మనిషి ఎవరో తెలియకపోతే పిల్లలకి అది కుర్చీలు, ఫొటోలు ఉన్న గదిలాగే ఉంటుంది. తెలిస్తే మాత్రం వేరే సంగతి. కాబట్టి వెళ్లే ముందు పాపతో ఆయన దేశభక్తి గేయం చదివించండి, తెలుగు వాచకంలో ఉండే ఉంటుంది. ఆయన 1862 సెప్టెంబర్ 21న పుట్టింది మన పక్కనే, యలమంచిలి దగ్గర రాయవరంలో. విజయనగరంలో మహారాజా వారి కళాశాలలో పనిచేశారు. 1915 నవంబర్ 30న అక్కడే కన్నుమూశారు. బడిలో ఆయనకీ గిడుగు రామమూర్తిగారికీ స్నేహం. ఇంట్లో, వీధిలో మాట్లాడే తెలుగులోనే పుస్తకాలు ఎందుకు రాయకూడదని ఆ ఇద్దరు స్నేహితులూ పట్టుబట్టారు. ఇద్దరు స్నేహితులు కలిసి పెద్దవాళ్లతో వాదించారంటే, చివరికి వాళ్ల మాటే నెగ్గిందంటే తొమ్మిదేళ్ల పిల్లకి అంతకంటే మంచి కథ ఏముంటుంది? "నీ డైరీ నువ్వు మాట్లాడినట్టే రాస్తావు కదా, ఒకప్పుడు అలా రాస్తే తప్పనేవాళ్లు" అని చెప్పండి. అప్పుడు ఆ ఇంట్లోకి అడుగుపెడితే తన పాఠంలోని మనిషి నిజంగా ఇక్కడే ఉండేవాడన్న ఆశ్చర్యం ఉంటుంది.

బాబుకి ఆ ఇల్లు అంత పట్టకపోవచ్చు. వాడికి రైలు ఉంది. విశాఖ నుంచి విజయనగరం గంట ప్రయాణం, పొద్దున రైళ్లు చాలానే ఉంటాయి. వెళ్లాక గంటస్తంభం, 1713లో కట్టిన కోట చూపిస్తే వాడి రోజు కూడా నిండిపోతుంది. కోట ముందు చూసి, అలసట రాకముందే గురజాడ వారి ఇంటికి వెళ్లండి, భోజనం ఆ తర్వాత. ఎండలు ముదిరాక వద్దు, నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య పెట్టుకోండి. బయల్దేరే ముందు ఆ ఊళ్లో తెలిసినవాళ్లెవరైనా ఉంటే ఆ రోజు ఇల్లు తెరిచి ఉంటుందో లేదో ఒకసారి కనుక్కోమనండి.